ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇకనుంచి కాస్త గొప్ప పుస్తకాలు చదవాలి అని ఎవరైనా పైకి అన్నారంటే చాలు, పక్కనున్నవాళ్ళు ఓ జాబితా చెప్పేస్తారు. తెలుగుదేశంలో ఆ జాబితా ఎవరు చెప్పినా ఇంచుమించు ఒకటే. భారత భాగవతాలు ఎలాగూ ఉంటాయి. ఆ తరవాత మనుచరిత్ర, వసుచరిత్ర, ఆముక్తమాల్యద, పాండురంగ మాహాత్మ్యం, శృంగార నైషధం. ఈ అయిదింటికీ పంచకావ్యాలని పేరు. కొత్తవాటిలో కన్యాశుల్కం, వేయిపడగలు, మహాప్రస్థానం, చివరకు మిగిలేది. వీటిలో తీసిపారేయదగ్గది ఒక్కటీ లేదు. అయినా ఈ వరసలో మొదలుపెట్టిన పాఠకుడు తరచుగా మనుచరిత్ర అవతారిక దగ్గరే చతికిలబడతాడు. వేయిపడగలు వందో పేజీ దగ్గర మూతపడుతుంది. ఆ మనిషి పుస్తకాన్ని తప్పుపట్టడు, తన చదువు చాలదనుకుంటాడు. మళ్ళీ ఆ వైపు చూడడు. ఈ పూట నేను వాదించదలచింది ఒక్కటే: అక్కడ పొరపాటు చదువులో లేదు, ఎన్నికలో ఉంది. ఏది అన్నిటికన్నా గొప్పది అని అడిగి మొదటి పుస్తకాన్ని ఎన్నుకోకూడదు. ఏ పుస్తకపు లోకం నాకు ముందే సగం తెలుసు అని అడిగి ఎన్నుకోవాలి.

పాత పుస్తకం ఎందుకు కష్టం? మాటలు తెలియక అంటారు. అది పైకి కనిపించే కష్టం. మాటకు నిఘంటువుంది, పద్యానికి టీకా తాత్పర్యం ఉంది. నిఘంటువుకు అందని కష్టం వేరే ఉంది. ఏ కవైనా తన ఎదుట కూర్చున్నవాళ్ళకు ఏమేమి తెలుసో లెక్కవేసుకునే రాస్తాడు. తెలిసినదాన్ని మళ్ళీ చెప్పడు. మనుచరిత్రలో హిమాలయం మీద దారి తప్పిన ప్రవరుడు ఇల్లు చేరాలని ఎందుకంత తల్లడిల్లాడో పెద్దన శ్రోతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నిత్యాగ్నిహోత్రం తప్పితే ఏమవుతుందో వాళ్ళ ఇళ్ళల్లోనే తెలుసు. ఈనాటి పాఠకుడికి ఆ సంగతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో చెప్పాలి. అక్కడ చెప్పింది బుర్రకెక్కుతుంది గాని గుండెకు తగలదు. ప్రవరుడి ఆరాటం తగలకపోతే అతణ్ణి వలచిన వరూధిని ఆశా తగలదు, ఇద్దరి మధ్య నడిచిన ఆ అద్భుతమైన సంభాషణ మర్యాదల పట్టికలాగా మిగులుతుంది. అంటే ప్రతి గొప్ప పుస్తకంలోనూ రాసిన సగం ఒకటి, రాయకుండా పాఠకుడికి వదిలేసిన సగం ఇంకొకటి ఉంటాయి. ఆ రెండో సగం ఎవరి దగ్గరుందో వాళ్ళకు ఆ పుస్తకం సులువు. ఎంత చదివారన్నది దానికి రెండో లెక్క.

ఈ మాటను మన ప్రాంతానికి పట్టించి చూద్దాం. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కృష్ణ ఒడ్డున అమరావతి మొదలుకొని కొండవీడు, వినుకొండ, గురజాల, మాచర్ల, కారెంపూడి ఒకే జిల్లాలోకి వచ్చాయి. ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో నాగులేరు దగ్గర వీరుల గుడిలో అయిదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావుతో మొదలై రాయబారం, మందపోరు, కోడిపోరు మీదుగా కల్లిపాడుతో ముగుస్తుంది. నడుమ ఉన్న ఆ మూడు పేర్లూ పల్నాటి వీరుల కథలోని ఘట్టాలే. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజుకీ మాచర్ల మలిదేవరాజుకీ, ఒక తండ్రి బిడ్డలకు, మధ్య వచ్చిన పోరు. ఒకవైపు నాయకురాలు నాగమ్మ, మరొకవైపు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు ఊరు విడిచి పోవడం, రాయబారానికి వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలి కావడం, చివరకు కారెంపూడి రణరంగం. ఈ కథను తరతరాలుగా పాడుతూ వస్తున్న దళిత గాయకులకు వీరవిద్యావంతులని పేరు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘెయిర్ పల్నాడుకు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడగా విని, ఆ పాఠాన్ని ఇంగ్లీషులోకి దించి 1982లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ద్వారా ప్రచురించాడు. మాచర్లలో పుట్టి పెరిగి, ఒక్క ఏడైనా ఆ ఉత్సవం చూసిన మనిషి పల్నాటి వీరచరిత్ర ద్విపద కావ్యాన్ని తెరిస్తే అధఃసూచికల అవసరం చాలావరకు తీరిపోయే ఉంటుంది. చాపకూడు అంటే ఏమిటో, కన్నమదాసు ఎవరో, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధానికి పోయేముందు భార్య మాంచాల దగ్గరికి వచ్చే ఘట్టం ఎందుకంత బరువైనదో అతనికి పుస్తకం ముట్టకముందే తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పకపోతే 1947లోనూ 1966లోనూ వచ్చిన పల్నాటి యుద్ధం సినిమాలైనా చెప్పాయి. మనుచరిత్ర దగ్గర ఆగిపోయిన ఆ పాఠకుడే ఇక్కడ వరసగా నలభై పేజీలు చదివేస్తాడు. అతని తెలుగు మారలేదు, మారింది పుస్తకం.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ ద్విపదను రాసినవాడని మనం చెప్పుకునే శ్రీనాథుడు పల్నాటి సీమ గురించి మంచిమాట అన్నట్టు లేదు. ఆయన పేరుమీద వాడుకలో ఉన్న చాటువుల నిండా జొన్నకూటి మీదా, రాళ్ళ మీదా, నీటి కరువు మీదా ఎత్తిపొడుపులే. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా వెలిగిన కవికి ఈ నేల నచ్చకపోవడంలో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, ఈ నేల కథకే ఆయన పండితులు చిన్నచూపు చూసిన ద్విపద ఛందస్సు పట్టుకున్నాడనడం. ఆయన పేరుమీద మనకు దక్కింది ప్రధానంగా బాలచంద్రుడి యుద్ధభాగం. అదీ ఆయనదేనా అని వాదించేవాళ్ళున్నారు. నాకు ఆ వాదం కన్నా ఆసక్తికరమైనది మరొకటి. ఇదే శ్రీనాథుడు కొండవీటి రోజుల్లోనే శృంగార నైషధం రాశాడు. పంచకావ్యాల్లో ఒకటి అలా మన జిల్లాలోనే పుట్టిందన్నమాట. మరి సొంత నేల మీద పుట్టిన పుస్తకంతో మొదలుపెట్టమంటే నైషధంతో మొదలుపెట్టవచ్చునా? కూడదు. శ్రీహర్షుడి సంస్కృత కావ్యానికి అది తెలుగు రూపం. నలుడి నిషధ, దమయంతి విదర్భ, శ్లేషలు, శాస్త్రచర్చలు: దాని రెండో సగం అంతా అలంకారశాస్త్రం చదివినవాళ్ళ దగ్గర ఉంది, కొండవీడు కొండకింద పత్తి వేసేవాళ్ళ దగ్గర లేదు. అందుకని నా మాటను సరిగ్గా పట్టుకోవాలి. పుస్తకం ఎక్కడ పుట్టిందన్నది కాదు చూడవలసింది. దానిలోని బతుకు మనకు తెలుసా అన్నది. నైషధం ఇక్కడ పుట్టి కూడా మనకు దూరం. రెండువేల ఏళ్ళనాటి హాలుడి గాథాసప్తశతి ప్రాకృతంలో ఉండి కూడా దగ్గర. ఎందుకంటే అందులో ఉన్నది పొలాలు, పత్తిచేలు, ఊరిపెద్దలు, అత్తాకోడళ్ళు, వాన కోసం చూపులు. శాతవాహనుల ధాన్యకటకమే మన అమరావతి అన్న సంబంధం కన్నా, ఆ పత్తిచేల సంబంధమే పాఠకుడికి ఎక్కువ పనికొస్తుంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అందులో గాథలను తెలుగు పద్యాలుగా ఇచ్చారు, ప్రాకృతం రానందుకు చింత అక్కర్లేదు.

ఇంతవరకు విన్నవాళ్ళలో ఒకరికైనా ఈపాటికి అభ్యంతరం తట్టి ఉంటుంది. తెలిసిన లోకాన్నే చదివితే కొత్తగా తెలిసేది ఏముంది? మనిషిని తన ఊరు దాటించడానికి కదా గొప్ప సాహిత్యం ఉన్నది, ఊళ్ళోనే కూర్చోబెట్టడానికా? ఇది బలమైన ప్రశ్న, తేలిగ్గా తోసేయకూడదు. దీనికి జవాబు వినుకొండలో ఉంది. గుర్రం జాషువా 1895లో అక్కడ పుట్టాడు. 1941లో గబ్బిలం రాశాడు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక మనిషి, గుడి లోపల నిక్షేపంగా తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని పిలిచి, కాశీలోని శివుడికి తన గోడు చెప్పిరమ్మంటాడు. కావ్యం అంతా ఈ ఒక్క ఊహ మీద నిలబడింది. పాతగుడి చూసిన ప్రతివాడికీ గబ్బిలం తెలుసు, దాని వాసనా తెలుసు. అది గుడిలో ఉండగలగడం ఎవరికి అవమానమో మాత్రం జాషువా చెప్పేదాకా తట్టదు. తెలిసినదాన్ని ఆధారం చేసుకుని తెలియనిదాన్ని చూపించడం అంటే ఇది. మనకు గబ్బిలమూ గుడీ తెలియకపోతే ఆ దెబ్బ తగలనే తగలదు; ఒక సామాజిక సమస్య గురించిన పద్యాలుగా చదువుకుని పక్కన పెడతాం. తెలిసిన లోకం మనల్ని అద్దం ముందు కూర్చోబెడుతుందన్న భయం చిన్న పుస్తకాల విషయంలో నిజం. గొప్ప పుస్తకం తెలిసిన లోకాన్ని పాఠకుడి కాళ్ళకింద నుంచి లాగేస్తుంది, అలా లాగాలంటే ముందు అతను దానిమీద నిలబడి ఉండాలి.

ఊరు దాటడం సంగతి కూడా జాషువా దగ్గరే తేలుతుంది. గబ్బిలం చదివినవాడు ఇవాళ కాకపోతే రేపు కాళిదాసు మేఘసందేశం తెరుస్తాడు. మేఘం చేత ప్రియురాలికి కబురంపిన యక్షుడి పక్కన ఈ గబ్బిలాన్ని పెట్టి చూడాలన్న కోరిక ఆ కావ్యమే పుట్టిస్తుంది. జాషువా 1932లో రాసిన పిరదౌసి చదివినవాడికి పర్షియా దగ్గరవుతుంది. జీవితమంతా ధారపోసి షానామా రాసిన కవికి మాట ఇచ్చి తప్పిన గజనీ మహమ్మదు కథ అది. వెయ్యేళ్ళ కిందటి ఆ పారశీక ఇతిహాసం పేరు ఎన్నో తెలుగు ఇళ్ళల్లో వినిపించింది వినుకొండ కవి వల్లనే అంటే అతిశయోక్తి కాదు. పల్నాటి వీరచరిత్రా అంతే. దాన్ని పల్నాటి భారతం అని ఊరికే అనలేదు. పాచికల బదులు కోళ్ళు, వనవాసం బదులు ఏడేళ్ళ వలస, దాయాదుల రాయబారం, కొడుకుల చావు. ఇది చదివాక తిక్కన ఉద్యోగపర్వం చేతిలోకి తీసుకుంటే అది పరాయి పుస్తకంగా కనిపించదు, తెలిసిన కథకు పెద్దన్నలాగా కనిపిస్తుంది. గొప్ప పుస్తకాలకు ఒక మంచి అలవాటుంది, ఒకదాని లోపలే మరోదాని పేరు చెబుతాయి. ఒక్కదాన్ని నిజంగా చదివితే తరవాతిదాన్ని ఎన్నుకునే శ్రమ చాలావరకు తప్పుతుంది. జాబితాలో మనుచరిత్ర తరవాత వసుచరిత్ర రావడానికి ఆ జాబితా కారణం. గబ్బిలం తరవాత మేఘసందేశం రావడానికి పాఠకుడి ఆకలే కారణం.

మాలపల్లి సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఇటు నేలకూ అటు లోకానికీ సమానంగా చెందింది. పల్నాటి అడవుల్లో పశువులను మేపుకున్నందుకు సర్కారు వసూలు చేసిన పుల్లరి మీద 1921లో రైతులు తిరగబడ్డారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకీ గుళ్ళకు కూలిపోయాడు. ఆ ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళిన గుంటూరు బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు జైల్లో కూర్చుని రాసిన నవల మాలపల్లి. గుంటూరు సీమ పలుకుబడిలో, మాలపేటలోని రామదాసు ఇంటి చుట్టూ, కూలి రేట్ల తగాదా చుట్టూ నడుస్తుంది. అచ్చయిన కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ తరవాత నిషేధం ఎత్తడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ ఎత్తడం. రష్యా విప్లవపు గాలీ గాంధీగారి మాటా ఒకే పేజీలో కనిపించే పుస్తకం ఇది. పల్నాటి పల్లెలో కూలి బతుకు తెలిసినవాడికి దీని రెండో సగం కొట్టినపిండి. అతనికి తెలియనిది సంగదాసు మాట్లాడే సిద్ధాంతం. దాన్ని నవలే నేర్పుతుంది. నిజం చెప్పాలంటే మాలపల్లి నడక అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఉపన్యాసాలు దిగిన చోట పేజీలు బరువెక్కుతాయి. అలాంటి చోట్ల నాలుగు పేజీలు వదిలేసి ముందుకు పోతే పాపమేమీ లేదు. గొప్ప పుస్తకమంటే ప్రతి పేజీ గొప్పదని కాదు.

ఇక పెద్దల జాబితాను ఇంత చులకన చేయవచ్చా అన్న ప్రశ్న. చులకన చేయడం లేదు. ఎన్నో తరాల పఠనానుభవం ఆ అయిదు పేర్లలో ఇమిడి ఉంది. పైగా ఆ పండితులు తాళపత్రాలు దగ్గర పెట్టుకుని, పాఠాలు పోల్చి, వావిళ్ళవంటి ముద్రణాలయాల్లో అచ్చుకెక్కించకపోతే మనం ఎన్నుకోవడానికి ఏమీ ఉండేదే కాదు. పల్నాటి వీరచరిత్రనే తీసుకోండి, 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు పూనుకుని అచ్చు వేయించబట్టి అది పాఠకులకు చేరింది. కానీ జాబితా ఆకాశం నుంచి ఊడిపడింది కాదన్నది గుర్తుంచుకోవాలి. దాన్ని కొందరు మనుషులు, కొన్ని కాలాల్లో, తమ కొలతలతో చేశారు. పంచకావ్యాల్లో ద్విపద ఒక్కటీ లేదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం అందులోకి రాదు, పల్నాటి కథా రాదు. పండితులు లెక్కలోకి తీసుకోని వేమనను 1829లో అచ్చువేసి ఇంగ్లీషులోకి దించినవాడు దొర, సి.పి. బ్రౌన్. పింగళి సూరన కళాపూర్ణోదయం ఎంత గొప్ప కల్పనో 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వ విచారంలో వాదించి చెప్పాల్సి వచ్చింది. తంజావూరు ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి ప్రచురిస్తే, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది; మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రధానిగా వచ్చాకగాని ఆ నిషేధం పోలేదు. అంతెందుకు, 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెడితే న్యాయనిర్ణేతలు ఒక్క నవలను తేల్చలేక వేయిపడగలకూ అడివి బాపిరాజు నారాయణరావుకూ బహుమతి పంచి ఇచ్చారు. ఇవాళ జాబితాల్లో వేయిపడగలు తప్పకుండా ఉంటుంది, నారాయణరావు ఎప్పుడోగాని ఉండదు. ఏది నిలుస్తుందో ఆనాటి పెద్దలకే తెలియలేదు. కాబట్టి జాబితాను రెండో అడుగుకు దాచుకుందాం. రెండుమూడు పుస్తకాలు చదివి, రుచి ఏర్పడి, ఇంకా ఏమున్నాయో వెతికేవాడికి ఆ జాబితా నిజంగా అక్కరకొస్తుంది. మొదటి అడుగుకు అది దారి చూపించదు.

భాష సంగతి ఇంకా మిగిలింది. ఎంత తెలిసిన లోకమైనా పాత తెలుగు పాత తెలుగే కదా అంటారు. నిజమే. అయితే తెలుగువాడికి పద్యం కంటికన్నా ముందు చెవికి తెలుసు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో పద్యనాటకం ఆడని తిరునాళ్ళు ఒకప్పుడు లేవు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం పద్యాలు బడి మొహం చూడనివాళ్ళు కూడా రాగం తీసి అందుకునేవాళ్ళు. ఆ పద్యాల్లోని సంస్కృత సమాసాలకు వాళ్ళను అర్థాలడిగితే చెప్పలేకపోవచ్చు, ఎక్కడ ఈల వేయాలో మాత్రం తప్పేవాళ్ళు కాదు. ద్విపద మరీ తేలిక. రెండేసి పాదాలు, పాడుకోవడానికి వీలు. కాబట్టి పాత కావ్యాన్ని మౌనంగా చదవకండి. గొంతెత్తి చదవండి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళకు వినిపించండి. అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా ఆగిపోకుండా ఒక ఘట్టం పూర్తిచేసి, తరవాత వెనక్కి వచ్చి తాత్పర్యం చూసుకోండి. భారతానికీ పోతన భాగవతానికీ తిరుమల తిరుపతి దేవస్థానం ప్రతిపదార్థంతో, తాత్పర్యంతో సంపుటాలు తెచ్చింది. పద్యమే వద్దు, టైమూ లేదు అనే పరీక్షల పిల్లలకు సత్యం శంకరమంచి అమరావతి కథలు చాలు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చి, 1979లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆ వంద కథలు ఒక్కొక్కటీ మూడు నాలుగు పేజీలే. బస్సులో అమరావతి నుంచి సత్తెనపల్లి చేరేలోపు రెండు కథలు అయిపోతాయి. అందులో ఉన్న రేవు, గుడి, రథం వీధి ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

చివరిగా ఒక మాట అనేవాళ్ళుంటారు, ఈ మధ్య ఎక్కువగానే అంటున్నారు. పాత పుస్తకాల్లో కులం ఉంది, ఆడదాని మీద చిన్నచూపుంది, రాజుల పొగడ్తలున్నాయి, ఇవన్నీ మళ్ళీ ఎందుకు తలకెక్కించుకోవాలి అని. ఉన్నమాట నిజం. ఒకే పుస్తకాన్ని పూజిస్తూ చదివితే ఆ ప్రమాదం ఉంది కూడా. కానీ ఒకే నేలమీద పుట్టిన పుస్తకాలను కలిపి చదివితే అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. వీరచరిత్ర మొగ్గు బ్రహ్మనాయుడి వైపు; నాగమ్మ కపటానికి మారుపేరు. ఉన్నవవారు అదే కథను తీసుకుని నాయకురాలు అని నాటకం రాశారు. ఆ పేరుతోనే పోరు ఎవరి కంటితో చూడాలన్న తగాదా మొదలవుతుంది. వీరచరిత్రలో అన్ని కులాలవాళ్ళూ ఒకే చాపమీద కూర్చుని అన్నం తిన్న చాపకూడు ఉంది, కన్నమదాసు సేనాధిపతిగా ఉన్నాడు. మరి ఏడున్నర శతాబ్దాల తరవాత అదే సీమ నుంచి వచ్చిన జాషువాకు గబ్బిలం చేత దేవుడికి కబురంపాల్సిన అగత్యం ఎందుకొచ్చింది? ఈ ప్రశ్న రెండు పుస్తకాలూ చదివినవాడికే తడుతుంది. వీరచరిత్ర ఒక్కటే చదివినవాడు గర్వపడి ఊరుకుంటాడు, గబ్బిలం ఒక్కటే చదివినవాడు కోపం తెచ్చుకుని ఊరుకుంటాడు. పాత పుస్తకాల్లోని చెడుకు మందు ఆ పుస్తకాలను మానేయడం కాదు. వాటికి ఎదురుతిరిగిన పుస్తకాన్ని పక్కనే పెట్టుకుని చదవడం. ఆ ఎదురుతిరిగిన పుస్తకాలు కూడా ఇవాళ ప్రసిద్ధ గ్రంథాలే.

పల్నాడు కాని ఊళ్ళవాళ్ళు ఈ ప్రసంగం వింటుంటే మాకీ వెసులుబాటు లేదే అనుకోనక్కర్లేదు. చేనేతవాళ్ళ ఊరైతే, సముద్రపు ఊరైతే, కోర్టులూ కచేరీలూ ఉన్న ఊరైతే, ఆ బతుకును పట్టుకున్న పుస్తకం తెలుగులో ఉండే ఉంటుంది, లేదా ఏదో భాషనుంచి తెలుగులోకి వచ్చే ఉంటుంది. నేల కలవకపోయినా పని కలవవచ్చు, కష్టం కలవవచ్చు. వెతకవలసింది ఆ కలయికనే.

మన వాళ్ళకు మాత్రం ఒక విన్నపం. ఇంటిపన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం కూడా మీరు కడుతున్నారు. ఈ వారంలో ఒకసారి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి పల్నాటి వీరచరిత్ర, గబ్బిలం, మాలపల్లి, అమరావతి కథలు ఉన్నాయేమో అడగండి. ఉంటే, నాలుగింటిలో ఏ లోకం మీకు బాగా తెలుసో చూసుకుని దాన్ని ఇంటికి తీసుకుపోండి. లేకపోతే, ఆ నాలుగు పేర్లూ కాగితం మీద రాసి, తెప్పించమని గ్రంథపాలకుడి చేతికి ఇచ్చి రండి.